శాలువా కింద బేరం

చేతిలో ఏముందో చూసుకోకుండా బేరానికి దిగేవాడు వ్యాపారి కాడు, పందెంరాయుడు. ధనంజయ పందెంరాయుడు కాడు. ఆ గురువారం పొద్దున దామలచెరువు మామిడి మండీలో తన గద్దె మీద కూర్చుని, తన దగ్గరున్నదంతా మనసులోనే ఒకసారి కాటా వేసుకున్నాడు.

చంకకర్ర ఉంది. మూడో ఏట పోలియో తగిలి ఎడమకాలు ఎండుకొమ్మలా మిగిలిపోయినప్పటి నుంచి అది ఎన్నో కర్రో ఆయనకే గుర్తులేదు. మాట ఉంది. ఆయన మండీలో పెద్ద బేరం ఏదీ నోటితో తేలదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, వేళ్లు పట్టుకుని అంకె చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడినా ఆ అంకె ఆ ఇద్దరికే తెలుస్తుంది. కాగితం ఉండదు, సంతకం ఉండదు. తువ్వాలు కింద పట్టిన వేలును ధనంజయ ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ వదిలిపెట్టలేదని పాకాల నుంచి చంద్రగిరి దాకా తోటలున్న రైతులందరికీ తెలుసు.

ఈ రెండూ పాత సరుకు. కొత్తగా చేతికొచ్చింది ఒక ఆహ్వానపత్రిక. బంగారు అంచు, మెరిసే కాగితం, సువాసన కూడా. దాన్ని తెచ్చినవాడు గిరి. పాకాల దారిలో ఉన్న జ్యూస్ ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూస్తాడు. నలభై దాటినా గుర్తింపు కార్డు మెడలోంచి తీయడు, పడుకునేటప్పుడు తీస్తాడో లేదో అనుమానమే.

"దనంజయన్నా, మీరే ముఖ్య అతిథి!" మండీ మెట్ల కింద నుంచే అరిచాడు గిరి.

"దేనికప్పా?"

"దివ్యాంగుల అవగాహన దినం. రేపు పదిన్నరకి, మా ఫ్యాక్టరీలో."

"అవగాహన ఎవురికి?"

"స్టాఫుకన్నా. అందరికీ తెలియాల కదా, వాళ్ల కష్టం."

"వాళ్లంటే ఎవురబ్బా? మీ ఫ్యాక్టరీలో నాకు తెలిసి ఉండేది అమల ఒక్కతే."

"అందుకే కదన్నా మిమ్మల్ని పిలిచేది! మీరంటే పెద్ద మండీ. స్ఫూర్తి."

ధనంజయ పత్రిక తిప్పి చూశాడు. 'దివ్యాంగుల స్ఫూర్తి ప్రదాత' అని తన పేరు ముందు అచ్చువేశారు. ముప్ఫై ఏళ్లుగా ఊరు ఆయన్ని వెనకాల కుంటి ధనంజయ అనే అంటుంది. ఆయనకు అది ఎప్పుడూ పెద్దగా నొప్పి అనిపించలేదు. ఆ పేరులో కనీసం కాలు ఉంది. ఈ కొత్త పేరులో కాలూ లేదు, మనిషీ లేడు. కుళ్లిన కాయకు మైనం పూసి అమ్మేవాళ్లను ఆయన చాలామందిని చూశాడు. మాటకు మైనం పూసేవాళ్లను చూడడం ఇదే మొదలు.

"ఉన్నట్టుండి ఇప్పుడెందుకు పుట్టింది మీకు ఈ అవగాహన? సీజన్ ముందర?"

గిరి గొంతు తగ్గించాడు. "చెన్నై నుంచి తనిఖీ మేడం వస్తాండాదన్నా. స్రవంతి మేడమని. మన గుజ్జు కొనే బయటిదేశం వాళ్ల తరపున. వాళ్ల పారంలో ఒక గడి ఉండాదంట, వికలాంగులకు మీ దగ్గర చోటు ఉండాదా అని. ఆ గడి నిండల్ల."

"మరి అమలని చూపించండి. అయిపోయె."

గిరి తల గోక్కున్నాడు. "ఆ పాపకి వచ్చే సోమవారం నుంచి రెస్టన్నా."

"రెస్టంటే?"

"అకౌంట్స్ మొత్తం కొత్త మిద్దెమీదికి మారస్తాండాం. పంతొమ్మిది మెట్లు. పాపం, చక్రాల కుర్చీతో ఎట్ల ఎక్కతాది? మోహన సార్ మంచి మనసుతో, ఇంటికాడ రెస్టు తీసుకోమన్నాడు."

"కింద గదికి ఏమొచ్చింది? బాగానే ఉండాది కదా."

"దాన్ని అవగాహన గది చేస్తాండామన్నా! గోడల నిండా బొమ్మలు, సోఫాలు, ఏసీ. మేడం చూడాల కదా."

ధనంజయ గిరి ముఖంలోకి చూశాడు. వాడు నవ్వడం లేదు. నిజంగానే చెబుతున్నాడు. వికలాంగురాలిని గదిలోంచి లేపి, ఆ గదిలో వికలాంగుల గురించి బొమ్మలు అంటించబోతున్నారు. ఇంత తెలివి మండీలో ఎవడికైనా ఉంటే రెండో సీజను దాకా నిలబడడు.

"అమల కుర్చీలో ఎవురు కూర్చుంటారు మరి?" అని అడిగాడు.

"మా బామ్మర్దిని పెడదామని..." అంటూ గిరి గుర్తింపు కార్డు సర్దుకున్నాడు.

లెక్క అక్కడ తేలిపోయింది.

ధనంజయకు అమల మీద జాలి లేదు. జాలి ఆయన దగ్గర దొరకని సరుకు. తన మీద ఎవరైనా పడేసినా తిరిగి ఇచ్చేస్తాడు. అమల మీద ఆయనకు ఉన్నది భయంతో కూడిన గౌరవం. ఆ ఫ్యాక్టరీలో కాయల తూకం రశీదులు రాసేది ఆమె. ఆమె రాకముందు గిరి బామ్మర్దే రాసేవాడు. తేమ అని, మట్టి అని, తొడిమలని సాకు చెప్పి టన్నుకు కొన్ని కిలోలు కోసేవాడు. దాన్ని సూటు అంటారు. సూటు ఎంత కోయాలో ఒక పద్ధతి ఉంది. ఆ బామ్మర్దికి పద్ధతి లేదు, లారీని చూసి కాదు, లారీ యజమాని ముఖం చూసి కోసేవాడు.

అమల వచ్చాక సూటు అందరికీ ఒకటే అయింది. పోయిన సీజన్లో ధనంజయ లారీ నూటనలభై కిలోలు ఎక్కువ చూపిస్తే, డ్రైవరు కిందికి దిగకుండానే వేబ్రిడ్జి ఎక్కాడని, వాడితోపాటు క్లీనరూ ఉన్నాడని, స్టెప్నీ మీద అదనంగా ఇంకో టైరు ఉందని కనిపెట్టి రశీదు చించేసింది. ఆ రోజు ధనంజయ ఫోనులో ఆమెను నానా మాటలన్నాడు. ఆమె అంతా విని, "అన్నా, మీ డ్రైవర్ని దించి మళ్లీ తూకం వేయమంటారా, ఆయన్ని కూడా గుజ్జు చేయమంటారా?" అంది. ఆ రోజు నుంచి ఆమె మాటకు ఆయన ఎదురు చెప్పలేదు. తన లారీకి తప్పు పట్టినామె పక్కవాడి లారీకీ పడుతుంది. నిజమైన కాటా ఉన్న చోట తెలివైనవాడికి నష్టం రాదు.

ఆమె పోయి బామ్మర్ది వస్తే నష్టం తనది, తనకు కాయలు తెచ్చే రెండు వందల మంది రైతులది. అంతే లెక్క. ఇందులో దివ్యం ఏమీ లేదు.

"వస్తానని చెప్పు," అన్నాడు.

*

శుక్రవారం పదింటికి ధనంజయ మూడు చక్రాల స్కూటరు ఫ్యాక్టరీ గేటు దాటింది. ఎడమవైపు గోడౌను. గుజ్జు నింపిన డ్రమ్ములు ట్రాలీల మీద పోవడానికి అక్కడ మంచి వాలుబాట ఉంది. పొడవుగా, గరుకుగా, పక్కన ఇనపకమ్మీతో. డ్రమ్ము పడిపోతే గుజ్జు పోతుంది కాబట్టి దాన్ని బుద్ధిగా కట్టారు.

కుడివైపు కొత్త మిద్దె. దాని ముందు కూడా ఒక వాలుబాట వెలిసింది, కొత్తది. మూడడుగుల ఎత్తుకు ఆరడుగుల పొడవు. నున్నటి గ్రానైటు వేశారు. దాని మీద మనిషి కాదు, బల్లి కూడా జారుతుంది. అడుగు నుంచి కొస దాకా పూలకుండీలు పేర్చి, మధ్యలో ముగ్గు వేశారు. ఫోటోకు బాగుంటుంది.

పాత ఆఫీసు వరండాలో, నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో అమల కూర్చుని ఉంది. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి. చిన్నప్పుడు ఆటో తిరగబడి నడుము కింద స్పర్శ పోయింది. తండ్రి ప్రేమానందం పాకాల పక్కన మూడెకరాల తోట చేస్తాడు. ఒళ్లో రశీదు పుస్తకం పెట్టుకుని, ఏ పనీ లేనివాళ్లు చూసినట్టు గేటువైపు చూస్తోంది.

"ఏం పాపా, కుర్చీ యాడ?" అన్నాడు ధనంజయ.

"మిద్దెమీద ఉండాదన్నా."

"నువ్వు ఈడుండావే?"

"కుర్చీకి పిలుపొచ్చింది. నాకు రాలేదు."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. ఆమె అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. పైన కార్యక్రమంలో ఆటలు పెట్టారట. స్టాఫు ఒక్కొక్కరూ చక్రాల కుర్చీలో కూర్చుని హాలు చుట్టి రావాలట, వికలాంగుల కష్టం అనుభవంలోకి రావడానికి. కొత్త కుర్చీ తెప్పించడానికి టైం లేదని, గిరి వచ్చి, "ఒక్క గంట మేడం" అని, ఆమెను ఎత్తి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె కుర్చీ పైకి మోయించాడు.

"తొమ్మిదింటికి తీసుకపోయినారు," అంది అమల. "ఇదిగో, బాత్రూం ఆ తలుపే. పది అడుగులు. కుర్చీ ఉంటే నేను ఎవుర్నీ అడగను."

ధనంజయ పెదవి విరిచాడు. "ముందరే అడ్డం చెప్పాల్సింది."

"ఎవురికి చెప్పేదన్నా? మా స్టాఫు అంతా నా కష్టం తెలుసుకొనేదానికి పైకి పోయినారు. ఈడ ఎవురూ లేరు."

పక్కన డ్రమ్ముల ట్రాలీ తోస్తున్న హమాలీల మేస్త్రి మునికుమార్ ఆ మాటకు పగలబడి నవ్వి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. రోజూ పొద్దున రెండడుగుల వరండా ఎక్కడానికి డ్రమ్ముల చెక్క వేసి అమలను తోసేది అతనే.

"చింత పడొద్దు పాపా, నేను మాట్లాడతా," అన్నాడు ధనంజయ, కాస్త పెద్దరికంగా.

అమల ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏమని?"

"నీకు ఈ గది ఉండల్ల అని. వాలుబాట కట్టించమని."

"అన్నా, ఒక మాట అడిగేదా? మీ మండీకి వాలుబాట ఉండాదా?"

ధనంజయ చంకకర్ర సర్దుకున్నాడు.

"పోయినేడు మా నాయన రెండు గంపల కాయలేసుకుని మీ మండీకి వచ్చినాడు. నేనూ వచ్చినా. నాలుగు మెట్లు. నేను ఆటోలోనే కూర్చోనుండా. కాటా ఎంత చూపించిందో నాకు కనపడలా. నాయన చెప్పింది నమ్మినా."

"నేనూ కుంటోణ్నే కదమ్మా..."

"మీకు ఎక్కేదానికి భుజాలు ఉండాయి. మీ మండీలో పదిమంది పనోళ్లు. అందరికీ పదిమంది ఉండరు."

మునికుమార్ ఈసారి నవ్వలేదు. ధనంజయ కర్రను నేల మీద గట్టిగా ఊతపెట్టి తిరిగాడు. ఆ మాట ఆయనకు మింగుడుపడలేదు. ఎదుటివాడి కాటా తప్పని చెప్పడానికి వచ్చినవాడికి తన కాటా తప్పని చెబితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ కోపంతోనే మెట్లెక్కాడు. కుర్చీలో కూర్చోబెట్టి మోస్తామని నలుగురు పరిగెత్తుకొచ్చారు. "నన్ను మోసే రోజు వేరే ఉండాది, అప్పుడు రాండి," అని వాళ్లను పంపేసి, పంతొమ్మిదీ లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు.

*

పైన హాలు పెళ్లిపందిరిలా ఉంది. తలుపు దగ్గర పన్నీరు చల్లారు. గోడకు తన బొమ్మతో ఫ్లెక్సీ. ఫోటోలో ధనంజయకు రెండు కాళ్లూ సమానంగా ఉన్నాయి. ఎవడో కంప్యూటర్లో సరిచేశాడు.

ముందు వరుసలో స్రవంతి మేడం. ఒళ్లో కాగితాలు, చేతిలో పెన్ను. పక్కన మేనేజరు మోహన. ఇతను దామలచెరువువాడే. ఒకప్పుడు ధనంజయకు బేరం నేర్పిన మండీ యజమాని రామచంద్ర కొడుకు. చిన్నప్పుడు ఈ మోహన తువ్వాలు కింద తల దూర్చి, పెద్దవాళ్ల వేళ్లు చూసి, అంకె బయటికి చెప్పేసి తండ్రి చేత మొట్టికాయలు తినేవాడు. ఇప్పుడు కోటు వేసుకున్నాడు. దామలచెరువు అనే ఊరు తనకు ఎప్పుడో చదివిన పాఠంలోది అన్నట్టు మాట్లాడతాడు.

ఆటలు జరుగుతున్నాయి. కళ్లకు గంతలు కట్టుకున్న ఇద్దరు గుమాస్తాలు ఒకరినొకరు తడుముకుని నవ్వుతున్నారు. ఒకడు చెవుల్లో దూది పెట్టుకుని, "నాకేమీ వినపడలా, నాకేమీ వినపడలా" అని అరుస్తున్నాడు. ఒక్కరోజు గంతలు కట్టుకుంటే గుడ్డితనం తెలిసిపోతే, ఒక్కరోజు పస్తుంటే పేదరికం తెలిసిపోవాలి. అలా తెలిసినవాడిని ఒక్కణ్నీ ధనంజయ ఇంతవరకు చూడలేదు.

చివరికి అమల కుర్చీ వచ్చింది. గిరి అందులో కూర్చున్నాడు. వెనక ఒకడు తోశాడు. "హ్యాండ్ బ్రేక్ యాడుండాది?" అంటూ గిరి ఆ మూల తిరిగేసరికి కుర్చీ స్తంభానికి తగిలింది. కాళ్లు పెట్టుకునే కమ్మీ ఊడి, గ్రానైటు మీద ఠంగుమని పడింది. హాలంతా చప్పట్లు. గిరి లేచి, "నిజంగా కష్టమే!" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. స్రవంతి మేడం కాగితం మీద ఏదో రాసుకుంది.

ధనంజయ ఊడిన ఆ కమ్మీని చూస్తూ కూర్చున్నాడు. కింద వరండాలో పది అడుగుల దూరంలో బాత్రూం ఉంది. ఆమె గంటన్నరగా ఆ పది అడుగులను చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు మన ముఖ్య అతిథికి సన్మానం," అన్నాడు మైకులో ఎవడో.

మోహన శాలువా విప్పి, కెమెరావైపు నవ్వుతూ వచ్చాడు. జరీ అంచు, బరువైన శాలువా. దాన్ని ధనంజయ భుజాల మీద కప్పి చేతులు వెనక్కి తీసుకోబోయాడు. తీసుకోలేకపోయాడు. ధనంజయ అతని కుడిచేయి పట్టుకున్నాడు. శాలువా చెంగు లాగి రెండు చేతుల మీదా కప్పాడు.

మోహన ముఖంలో నవ్వు అలాగే ఉంది. కళ్లలో మాత్రం పదేళ్ల పిల్లవాడు కనిపించాడు.

"సరుకు చెప్తా విను మోహనా," అన్నాడు ధనంజయ, పెదవులు కదిలీ కదలకుండా. "అమల కూర్చునే కింది గది. బాత్రూం పక్కది. ఎన్ని దినాల్లో తిరిగి ఇస్తావు?"

"అన్నా, మేడం చూస్తాండాది..."

"చూడనీ. నవ్వు. ఫోటో తీస్తాండారు."

 మోహన చేయి వదిలించుకోవాలని ఒకసారి లాగాడు. అంతలోనే పాత అలవాటు వేళ్లలోకి వచ్చింది. ఒక అరచేయి, మళ్లీ ఒక అరచేయి నొక్కాడు. పది దినాలు.

ధనంజయ ఒకే ఒక వేలు పట్టుకుని అక్కడే ఆగాడు.

"అన్నా, సోఫాలు వచ్చేసినాయి..." ఐదు వేళ్లు.

రెండు వేళ్లు.

"ఒప్పుకోకపోతే?"

"ఇంకాసేపట్లో నా చేతికి మైకు ఇస్తారు కదబ్బా. కింద ఒక పాప కుర్చీ లేక కూర్చోనుండాదని చెప్పేదానికి నాకు కాళ్లు అక్కర్లేదు."

ఫోటోగ్రాఫరు, "ఇంకొంచెం దగ్గరికి సార్," అన్నాడు. ఇద్దరూ దగ్గరికి జరిగారు. మోహన మూడు వేళ్లు పట్టాడు. ధనంజయ కాసేపు ఆలోచించినట్టు నటించి, మూడింటినీ నొక్కాడు. సోమవారం పొద్దున్నకల్లా గది.

"ఇంకొక సరుకు. ఆ వరండాకి వాలుబాట. అడుగు ఎత్తుకు ఎన్ని అడుగుల పొడవు?"

ఆరు వేళ్లు.

ధనంజయ అరచేయి రెండుసార్లు నొక్కి, పైన రెండు వేళ్లు పట్టాడు. పన్నెండు.

ఎనిమిది.

పన్నెండు.

"ఎక్కువన్నా, చోటు పోతాది. తొమ్మిది, పది..."

"ఇది బేరం కాదురా, కాటా. కాటాకి బేరం లేదు."

ఎదురుగా కూర్చున్నవాళ్లు ఇంతసేపు ఈ చేయి కలపడం ఏమిటో అర్థంకాక, గిరి మొదలుపెట్టడంతో రెండోసారి చప్పట్లు కొట్టారు. మోహన చెమటపట్టిన నుదురుతో పన్నెండుకు ఒప్పుకున్నాడు. అయితే చేయి మాత్రం వదల్లేదు. ఈసారి అతనే ధనంజయ వేళ్లు బిగించి పట్టుకున్నాడు. రామచంద్ర కొడుకు అనిపించుకున్నాడు.

"ఇప్పుడు నా సరుకు. మీ మండీకి నాలుగు మెట్లు. మా నాయన కాలం నుంచి అట్లనే ఉండాయి. ఎన్ని దినాలు దనంజయన్నా?"

ధనంజయ ఉలిక్కిపడ్డాడు. ఒక్క పూటలో రెండోసారి. తప్పించుకోవడానికి దారులు చాలా ఉన్నాయి. సీజను ముందర అనొచ్చు, గంపలు పెట్టే చోటు అనొచ్చు. కానీ వేలు గుడ్డ కింద ఉంది. అక్కడ ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

మూడు వేళ్లు ఇచ్చాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, పన్నెండు కూడా.

మైకు చేతికొచ్చింది. మాట ఇచ్చాడు కాబట్టి గది గురించి ఎత్తలేదు.

"అందరికీ నమస్కారం. నాకు మాట్లాడేది రాదు. ఆ కుర్చీ, ఆ ఊడిన కమ్మీ కిందికి పంపండి. దాని మనిషి ఆడుండాది. అంతే."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. స్రవంతి మేడం తల ఎత్తింది. "ఎక్స్యూజ్ మీ, ఆ కుర్చీ ఎవరిదండీ?"

మోహన ఒక్క క్షణం ధనంజయ భుజం మీది శాలువావైపు చూశాడు. "మా అకౌంట్స్ అమ్మాయిది మేడం. కింది గదిలో ఉంటారు. ఇకమీద కూడా అక్కడే ఉంటారు."

"వెరీ గుడ్," అని మేడం గడిలో టిక్కు పెట్టింది. ఆ అమ్మాయి పైకి ఎందుకు రాలేదు, కుర్చీ ఎందుకు వచ్చింది అని అడగలేదు. ఆ రెంటికీ గళ్లు లేవు కాబోలు.

*

కుర్చీ దిగింది. అమల అందులోకి మారి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ పది అడుగులూ పోయి, తలుపు వేసుకుంది. తిరిగొచ్చాక కమ్మీ చేతిలో పట్టుకుని గిరిని పిలిచింది.

"ఇదేంది?"

"చిన్నదే మేడం, ఊడింది. అవగాహన కోసం..."

"వచ్చిందా అవగాహన?"

"ఆఁ... వచ్చింది మేడం."

"అయితే వెల్డింగుకు తీసుకపో."

గిరి తీసుకుపోయాడు. ధనంజయ సంగతి మొత్తం చెప్పాడు, మండీ మెట్ల మాటతో సహా. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుందని, 'మీ మేలు మర్చిపోను' అంటుందని ఆయన లోలోపల ఎక్కడో అనుకున్నాడు కాబోలు. ఆమె, "సోమవారం టేపు తెస్తా," అంది.

మోహన మాట తప్పలేదు. సోఫాలు పైకి పోయాయి, అవగాహన బొమ్మలు పైకి పోయాయి. కాళ్లు బాగున్నవాళ్లకే కదా అవగాహన కావలసింది, వాళ్లు మెట్లెక్కి చూసుకుంటారు. సోమవారం పొద్దున వరండా ముందు కొత్త సిమెంటు వాలుబాట ఉంది. మోహన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ధనంజయ కర్ర మీద ఊగుతూ నిలబడ్డాడు. అమల టేపు ఒక కొస మునికుమార్ చేతికిచ్చింది.

"వరండా రెండడుగులు. ఇరవై నాలుగు ఉండాల. ఇరవై రెండే ఉండాది."

"తాపీ మేస్త్రి ఆడ గన్నేరు చెట్టు అడ్డమొచ్చిందని..." మోహన గొణిగాడు.

"వాలుబాటకి కూడా సూటు కోసినారా సార్?" అంది అమల.

మునికుమార్ ఈసారి ఆపుకోలేదు. అతని వెనక హమాలీలంతా నవ్వారు. మోహన ముఖం తోతాపురి కాయ ముక్కులా మూరెడు సాగింది. మంగళవారం గన్నేరు చెట్టు పోయింది, రెండడుగులు కలిశాయి. గిరి బామ్మర్ది ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు.

ధనంజయ రెండున్నర అడుగుల ఎత్తున్న తన మెట్ల ముందు ముప్ఫై అడుగుల వాలుబాట పోయించాడు. నలభై గంపలు పెట్టే చోటు పోయింది. పక్క మండీవాళ్లు, "ఏమబ్బా, గద్దె మీదికి లారీ ఎక్కిస్తావా?" అని ఎకసెక్కాలాడారు. సిమెంటు ఆరిపోకుండా తడిపి కప్పడానికి గోనెపట్టలు చాలకపోతే, ఆ జరీ శాలువా తెచ్చి నీళ్లలో ముంచి పరిచాడు. దాని బతుకులో అది పనికొచ్చిన రోజు అదొక్కటే. 'స్ఫూర్తి' అని చెక్కి శాలువాతోపాటు ఇచ్చిన గాజు జ్ఞాపికను లారీ చక్రం కింద అడ్డం పెట్టాడు. అది పగిలింది. రాయి అయితే పగిలేది కాదు.

సిమెంటు గట్టిపడ్డాక ధనంజయ ఆ వాలు మీద గద్దె ఎక్కాడు. ఎవరి భుజమూ పట్టుకోలేదు. ముప్ఫై ఏళ్లుగా రోజుకు నాలుగుసార్లు ఒకడి భుజం పట్టుకుని ఎక్కుతూ, అది దొరతనం అనుకున్నాడు. ఎక్కి కూర్చున్నాక, ఇంత చిన్న పని తనకు ఇన్నేళ్లు తోచలేదే అని తన మీద తనకే రోత పుట్టింది. ఎవరికీ చెప్పలేదు.

జూన్ మొదటి ఆదివారం ప్రేమానందం ఆటో వచ్చింది. రెండు గంపల తోతాపురి. అమల ఆటోలోంచి తన కుర్చీలోకి దిగి, చక్రాలు తనే తోసుకుంటూ వాలు ఎక్కి, తిన్నగా కాటా దగ్గరికి వచ్చి ఆగింది. బరువు చూసింది. గంపలు దించి మళ్లీ వేయించింది. తర్వాత తన సంచిలోంచి ఫ్యాక్టరీ ముద్ర ఉన్న ఐదు కిలోల తూకంరాయి తీసి కాటా మీద పెట్టింది. ముల్లు నాలుగున్నర దగ్గర ఆగింది.

రైతులు గంపలు వదిలి కాటా చుట్టూ మూగారు.

"అన్నా, మీ కాటా అరకిలో తక్కువ చూపిస్తాండాది," అంది.

"నిజంగానా పాపా? నాకు తెలీదే," అన్నాడు ధనంజయ. నిజంగానే తెలియదు. రైతులెవరూ నమ్మలేదు.

సాయంత్రం గద్దె మీద ఒంటరిగా కూర్చుని లెక్క చూసుకున్నాడు. పోయినవి నలభై గంపల చోటు, ఒక శాలువా, ఒక గాజుముక్క, కాటా మీద ముప్ఫై ఏళ్ల పేరు. వచ్చినవి కింద ఒక గది, దాని పక్కన తలుపు దాకా పది అడుగులు, ఇరవై నాలుగు అడుగుల బాట ఒకటి, ముప్ఫై అడుగుల బాట ఒకటి. ఫ్యాక్టరీలో తన లారీలకు తప్పు పట్టే కన్ను పోకుండా కాపాడుకున్నాడు. ఆ కన్ను తన గద్దె దాకా రావడానికి బాట కూడా తన చేత్తోనే పోసి ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే కాటా బాగుచేసేవాడిని పిలిపించాడు.